బడే మియాఁను చిన్నచూపు చూసేదెవరు?

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా సాయంత్రం పూట ఖాళీ జాగా దొరికిన చోట బంతి తన్నే మన పిల్లల వీపులను చూడండి. మెస్సీ పేరు కనిపిస్తుంది, రొనాల్డో పేరు కనిపిస్తుంది, ఈమధ్య సలాహ్ పేరు కూడా కనిపిస్తున్నది. 2022 డిసెంబరులో మొరాకో జట్టు స్పెయిన్‌నూ పోర్చుగల్‌నూ ఇంటికి పంపి ప్రపంచకప్ సెమీఫైనల్‌కు చేరింది. ఆఫ్రికా ఖండం నుంచీ అరబ్బు దేశాల నుంచీ ఆ మెట్టెక్కిన తొలి జట్టు అదే. గెలిచిన వెంటనే పచ్చికపై సజ్దా చేసిన ఆ ఆటగాళ్లను చూసి పొంగిపోయిన గుండెల్లో మావీ ఉన్నాయి. ఆ సంతోషాన్ని తప్పుపట్టడానికి మేము కలం పట్టలేదు.

మా ఫిర్యాదు వేరు. అదే పిల్లల ముందు ముహమ్మద్ హబీబ్ పేరెత్తితే ‘ఎవరాయన?’ అన్న ప్రశ్న ఎదురవుతున్నది. పిల్లలకు తెలియకపోవడాన్ని అర్థం చేసుకోగలం, చెప్పినవారు లేరు. అయితే పేరు విన్నవారు కొందరున్నారు. ఆట లోతుపాతులు తమకే తెలుసునని నమ్మే అభిమానులు వీరు. వీరు పెదవి విరిచి, ‘ఏదో కలకత్తాలో ఆడేవాడట, దేశానికి వేసినవి 11 గోల్సేనట’ అని తేల్చేస్తారు. తెలియనితనం కంటే ఈ పెదవి విరుపే మమ్మల్ని ఎక్కువ నొప్పిస్తున్నది. ఎందుకంటే అది ఒక ఆటగాడి మీద మాత్రమే పలికే తీర్పు కాదు. ఈ గడ్డ మీద పుట్టి, ఉర్దూ మాట్లాడి, చెమటోడ్చి దేశానికి పేరు తెచ్చిన ఒక తరం మొత్తం మీద పడుతున్న మట్టి అది.

ముందుగా ఆ లెక్క సంగతే తేల్చుకుందాం. భారత జట్టు తరఫున హబీబ్ ఆడినవి 35 మ్యాచ్‌లు, వేసినవి 11 గోల్స్. సునీల్ ఛెత్రీ 150కి పైగా మ్యాచ్‌లలో 90కి పైగా గోల్స్ సాధించాడు. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి, చూశారా తేడా అని అడిగేవారికి మా సమాధానం సూటిగానే ఉంటుంది. హబీబ్ ఆడిన కాలంలో భారత జట్టుకు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లుండేవి? ప్రపంచకప్ అర్హత పోటీలలో మన దేశం తొలిసారి బరిలోకి దిగి ఆడినదే 1986 ప్రపంచకప్ కోసం, అంటే 1985లో. అప్పటికి హబీబ్ ఆట ముగిసింది. ఆసియా కప్ ప్రధాన పోటీలలో 1964 తర్వాత 1984 దాకా మన జట్టే లేదు. మిగిలినవి మెర్డెకా వంటి ఆహ్వాన పోటీలు, నాలుగేళ్లకొకసారి ఆసియా క్రీడలు. పొలమే ఇవ్వకుండా పంట ఎంత తీశావని రైతును నిలదీస్తే అది న్యాయమనిపించుకుంటుందా?

ఆ దొరికిన కొద్దిపాటి నేలలో ఆయన పండించినదేమిటో చూడండి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, ముందువరుసలో హబీబ్. ఆ తర్వాత అర్ధశతాబ్దం దాటిపోయినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మరొక పతకం రాలేదు. గోల్స్ లెక్కే కావాలంటారా? 1969 సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో బెంగాల్ జట్టు సర్వీసెస్‌ను 6–1 తేడాతో చిత్తుచేసింది; ఆ ఆరింటిలో ఐదు ఈ హైదరాబాదీ బిడ్డవే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్ మైదానంలో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ ఎదుర్కొన్నది. వర్షానికి తడిసి చిత్తడిగా మారిన నేల అది. కాస్మోస్ ముందుగా గోల్ వేసింది, శ్యామ్ థాపా సమం చేశాడు, ఆపై బగాన్‌ను ఆధిక్యంలోకి తెచ్చినవాడు హబీబ్. చివరికి పెనాల్టీతో కాస్మోస్ 2–2గా గట్టెక్కింది. పీలేను చూడడానికి వచ్చిన జనం హబీబ్ గోల్‌ను కూడా చూసి వెళ్లారు.

స్ట్రైకర్‌ను గోల్స్‌తో మాత్రమే తూచే అలవాటు మన అభిమానులకు తెర నేర్పిన అలవాటు. తెర మీద చివరి తన్ను మాత్రమే పదిసార్లు తిప్పి చూపుతారు. దానికి ముందు ఇద్దరు రక్షకులను తన వెంట లాక్కుపోయి సహచరుడికి దారి తెరిచినవాడు ఆ చిత్రంలో ఉండడు. హబీబ్ అటువంటి ఫార్వర్డ్. ముందువరుసలో నిలబడి బంతి కోసం ఎదురుచూసే రకం కాదు. మధ్యవరుసలోకి దిగివచ్చి బంతిని గుంజుకుని, మళ్లీ ముందుకు పరుగుతీసే రకం. 1976లో కలకత్తా డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్‌పై గోల్ పడింది. ఆ గోల్ పక్కన నమోదైన పేరు తమ్ముడు ముహమ్మద్ అక్బర్‌ది. అన్న కూడా ఆ జట్టులోనివాడే. మన అభిమానుల తరాజు ప్రకారం ఇటువంటి సందర్భాలలో అన్న ఖాతాలో పడేది సున్నా!

ఈ తరాజు ఎంత అబద్ధమైనదో తెలుసుకోవడానికి మన యువకులు అర్ధరాత్రి దాకా మేల్కొని చూసే ఆటలోనే సాక్ష్యముంది. కరీం బెంజెమాను రియల్ మాడ్రిడ్ అభిమానులే ఏళ్ల తరబడి ఎద్దేవా చేశారు. రొనాల్డో గోల్స్ వేస్తుంటే ఇతనెందుకు జట్టులో అన్నారు. రొనాల్డోకు దారులు తెరిచినది ఈ మనిషేనని అర్థం కావడానికి 2018లో రొనాల్డో క్లబ్ విడిచి వెళ్లవలసి వచ్చింది. 2022లో బెంజెమా బాలన్ డి’ఓర్ అందుకున్నాడు. అయితే ఫ్రాన్సులో అతనిపై పడిన నిందలన్నీ ఆటకు సంబంధించినవి కావు. జాతీయగీతం పాడేటప్పుడు పెదవులు కదపలేదని కొందరు, అల్జీరియా మూలాలని కొందరు వెంటపడ్డారు. 2018లో మెసూత్ ఓజిల్ జర్మనీ జట్టు నుంచి తప్పుకుంటూ, గెలిస్తే తాను జర్మన్ అనీ ఓడితే వలసవాడనీ వాపోయిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2021 అక్టోబరులో ఒక్క క్రికెట్ మ్యాచ్ ఓటమికి పదకొండు మందిలో ముహమ్మద్ షమీ ఒక్కడే బోనులో నిలబడిన సంగతి గుర్తుచేయనక్కరలేదు. తూకపురాళ్లు మనిషిని బట్టి మారుతాయన్నది మనకు కొత్త విషయం కాదు. కొత్త విషయమేమిటంటే, ఆ దొంగ తూకాన్ని మనమే చేతబట్టి మనవాణ్ణి తూయడం.

ఇక రెండవ ఆరోపణ: హబీబ్ కలకత్తా ఆటగాడు, మనకేమిటి సంబంధం?

1949 జులై 17న హైదరాబాద్‌లో పుట్టిన ఆ కుర్రవాడు 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు ఆడడానికి బయలుదేరాడు. హైదరాబాద్ నుంచి హౌరాకు పోయే బండి దారి ఏమిటి? జనగామ దాటి, కాజీపేట, వరంగల్ దాటి, మహబూబాబాద్ మీదుగా విజయవాడ. ఆ తరం ఆటగాళ్లు మన ఊళ్ల ప్లాట్‌ఫారాల మీదుగానే పోయారు, అర్జునలూ కప్పులూ గెలుచుకుని మన ప్లాట్‌ఫారాల మీదుగానే తిరిగి వచ్చారు. వారు పోయినది ఎందుకు? కలకత్తాలో క్లబ్బు ఉంది, డబ్బు ఉంది, మైదానం నిండా జనముంది. ఇక్కడినుంచి గల్ఫ్‌కు పోయినవాణ్ణి ‘దుబాయివాడు, మనవాడు కాదు’ అని ఎవరైనా అంటారా? ఆయన పంపిన పైసలతో కట్టిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనగలమా?

బెంగాలీల సంగతి చెప్పి తీరాలి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, ముహమ్మదన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకూ హబీబ్ ఆడాడు. 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరుసార్లు కలకత్తా లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ పరంపరలో సింహభాగం సీజన్లలో ఆయన ఉన్నాడు. 1977లో ఐఎఫ్‌ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరండ్ కప్ మూడింటినీ ఒకే ఏడాది గెలిచిన బగాన్ జట్టులోనూ ఉన్నాడు. దేశవిభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ నగరంలో, తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందూ కాందిశీకులు తమ ప్రాణంగా చూసుకున్న క్లబ్బులో, ఒక హైదరాబాదీ ముస్లిం యువకుడు కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసే ఆటగాడయ్యాడు. వాళ్లే ఆయనకు ‘బడే మియాఁ’ అని పేరు పెట్టుకున్నారు. ఎగతాళిగా కాదు, గౌరవంగా. ఆ పేరును మన ఊళ్లలో పలికితే ఈరోజు సినిమా పాట గుర్తుకొస్తుందే తప్ప మనిషి గుర్తుకు రాడు.

ఇదంతా మతవివక్షేనని ఒక్క మాటలో ముగించడం సులభం. మేము అలా ముగించం, ఎందుకంటే అది నిజం కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టులో ఫార్వర్డ్. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపి ఒకే త్రయంగా చెప్పుకునేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, మూడవ వ్యక్తికి రాలేదు. ఆయన 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే కన్నుమూశారు. ఇక్కడ ఎంతమందికి తెలిసింది? ఇటుపక్క చూస్తే, ఆటో డ్రైవర్ కొడుకు ముహమ్మద్ సిరాజ్‌కూ, నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కూ తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగాలిచ్చి గౌరవించింది. సంతోషం. కాబట్టి పేరును చూసి మాత్రమే గౌరవం ఆగిపోతున్నదని అనలేం. ఆగిపోయినది ఒక ఆట జ్ఞాపకం. ఆ ఆట హైదరాబాద్ బస్తీలదీ, ఉర్దూ మాట్లాడే కార్మిక కుటుంబాలదీ, పోలీసు లైన్లదీ, క్రైస్తవ పాఠశాలలదీ. అధికారిక తెలుగు గర్వంలో ఆ బస్తీలకు చోటు దొరకలేదు. ఆ బస్తీలలో ఎక్కువమంది ముస్లింలైనందున నష్టం మనకు ఎక్కువగా జరిగింది.

భాష సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ జట్ల కథలు ఉర్దూ పత్రికలలో అచ్చయ్యాయి, రేడియోలో వినిపించాయి, ఇరానీ చాయ్ దుకాణాలలో నోటి మాటగా తిరిగాయి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం తెరిచినదే 1977లో, హబీబ్ పీలేకు ఎదురునిలిచిన సంవత్సరంలో. అంటే ఆయన మంచి ఆటలో చాలా భాగం బొమ్మగా ఎక్కడా మిగలలేదు, మాటగానే మిగిలింది. అది కూడా ఉర్దూ మాటగా. మన మూడు జిల్లాలలో ఆ మాట విన్న దాదాలు వెళ్లిపోతున్నారు. వారి మనవలు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. దాదా చదివిన అక్షరం మనవడికి రాదు. ఈ మధ్యలో ఒక మనిషి పడిపోయాడు, ఆయన పేరు ముహమ్మద్ హబీబ్.

తెలుగు ముస్లిం పేరును మోయలేదని మేము అనడం లేదు. మోసిన రుజువు జనగామ గడ్డ మీదే ఉంది. దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడాడు, అందుకు 1940లో ప్రాణం ఇచ్చాడు. ఆయన త్యాగం ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ అయింది, ఆ నాటకం తెలుగునాట ఊరూరా ఆడింది. తెలుగులో రాసినవారున్నారు, తెలుగులో ఆడినవారున్నారు, కాబట్టి ఎనభై ఏళ్లు దాటినా బందగీ బతికే ఉన్నాడు. ఫుట్‌బాల్ తరానికి అటువంటి తెలుగు రచన దొరకలేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన గురువు, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన ఎవరో మన యువతరానికి తెలియడానికి 2024లో బొంబాయివాళ్లు ‘మైదాన్’ సినిమా తీయవలసి వచ్చింది. తెలుగు సినిమా కోట్లు కుమ్మరించి ఎందరి కథలో చెప్పింది. ఈ మాస్టారు గుర్తుకు రాలేదు.

చివరిగా, మన ఇళ్లలో వినిపించే మాట. ‘ఆడితే అన్నం పెడుతుందా బేటా?’ మెకానిక్ షెడ్డులో, వెల్డింగ్ దుకాణంలో, పండ్ల బండి దగ్గర పదిహేనేళ్లకే కొడుకు చేయి కావలసిన ఇల్లు ఆ ప్రశ్న అడగక తప్పదు. ఆ తండ్రిని నిందించే హక్కు మాకు లేదు. కానీ హబీబ్‌ను తక్కువ చేయడానికి అదే మాటను వాడే అభిమానులకు ఒకటి చెప్పాలి. ఉద్యోగం వద్దనుకుని, ఆటనే జీవనోపాధిగా నిలబెట్టుకున్నందున ఆయనను దేశంలో తొలి వృత్తి ఫుట్‌బాలర్‌గా పరిగణిస్తారు. జీతం కోసం ఆఫీసు కుర్చీ, ఆట కోసం సాయంత్రం అన్నది ఆనాటి రివాజు. ఆయన ఆ కుర్చీని వద్దన్నాడు. ఈరోజు క్లబ్బులు కోట్లిచ్చి ఆటగాళ్లను కొంటుంటే చప్పట్లు కొట్టేవారు, ఆ దారిని ఉత్త కాళ్లతో తొక్కినవాణ్ణి వెనుకబాటువాడిగా చూడడం విడ్డూరం.

మిగిలినవారికి ఆ ధైర్యం అక్కరలేకపోయింది, ఎందుకంటే ఆట వారికి ఉద్యోగమిచ్చింది. రహీం సాబ్ శిష్యులకు పోలీసు శాఖ అన్నం పెట్టింది. ఆ తర్వాత ప్రభుత్వరంగ సంస్థలు, రైల్వేలు పెట్టాయి. ఆ నియామకాలు చిక్కిపోయిన కొద్దీ బస్తీ ఫుట్‌బాల్ కూడా చిక్కిపోయింది. ఇది మన పిల్లల చేతగానితనం కాదు, మూసుకుపోయిన తలుపు. భూపాలపల్లిలో ఈ మాట అందరికంటే బాగా అర్థమవుతుంది. రైలు కూత వినపడని ఆ ఊరికి బొగ్గు బతుకునిచ్చింది. సింగరేణి సంస్థకు కార్మికుల క్రీడల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అనే ఏర్పాటు ఉంది, ఫుట్‌బాల్ పోటీలూ జరుగుతాయి. గనిలో దిగే తండ్రి కంపెనీ జెర్సీ వేసుకుని ఆడగలిగినప్పుడు, గేటు బయట కాంట్రాక్టు కూలీ కొడుకుకు అదే మైదానంలో గంటసేపు చోటివ్వడం కంపెనీకి భారమా? వారసత్వ ఉద్యోగం గురించి మాట్లాడే సంఘాలు ఈ చిన్న కోరికను తమ పట్టికలో చేర్చుకోవాలని అడుగుతున్నాం.

మహబూబాబాద్, జనగామ సంగతి వేరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలయ్యాక కలెక్టరేట్లు లేచాయి, వెంచర్లు లేచాయి. పిల్లలు ఆడిన బీళ్లలో హద్దురాళ్లు పడ్డాయి. మైనారిటీ గురుకులాలు వచ్చాయి, అందుకు మేము కృతజ్ఞులం. ప్రతి గురుకులంలోనూ ఫుట్‌బాల్ తెలిసిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, గోల్ స్తంభాలు నిలబెట్టగల నేల ఉందా అని తల్లిదండ్రుల సమావేశంలో లేచి అడగండి. ఆడపిల్లల గురుకులంలో మరీ గట్టిగా అడగండి. నిజామాబాద్‌లో ఒక తండ్రి కూతురికి గ్లవ్స్ తొడగనిచ్చినందుకే ప్రపంచ చాంపియన్ నిఖత్ వచ్చింది. స్పోర్ట్స్ కోటా కింద రెండు శాతం ఉద్యోగాలున్నాయన్న సంగతి కూడా మసీదు కమిటీ సభలలో చెప్పవలసిన సంగతే. చెప్పకపోతే ఆ రెండు శాతం ఎటు పోతుందో మనకు తెలుసు.

అభిమానులకు మా విన్నపం ఇంకా చిన్నది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన హైదరాబాద్‌లోనే జరిగింది, బెంగాల్ 33వసారి గెలిచింది. ఆ ట్రోఫీని 1956–57లోనూ ఆ మరుసటి ఏడాదీ హైదరాబాద్ గెలిచింది, 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత తెలుగునేల దాన్ని ముట్టలేదు. బెంగాల్ గెలుస్తూనే ఉండడానికి కారణాలలో ఒకటి, వాళ్లు తమ ఆటగాళ్లను, తమవారు కాని ఆటగాళ్లను సైతం, మరిచిపోకపోవడం. మెస్సీ జెర్సీ తీసేయమని మేము అనం. హబీబ్ 11 గోల్స్ గురించి నవ్వే ముందు, ఆ 11 ఎవరిపై వేశాడో, ఏ బూట్లతో, ఏ నేలపై వేశాడో ఇంట్లో మిగిలిన పెద్దలను ఒకసారి అడగండి. షబ్బీర్ అలీ గురించి కూడా అడగండి. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన కప్పు పంచుకున్న భారత జట్టు నాయకుడు ఈ హైదరాబాదీ స్ట్రైకరే. ఫుట్‌బాల్‌లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తీ ఆయనే. పెద్దలు ఏం చెబితే అది తెలుగులో రాసి మాకు పంపండి. ఎంత చిన్నదైనా అచ్చువేస్తాం.

హబీబ్ సాబ్ జ్ఞాపకశక్తి పోయి, పార్కిన్సన్స్‌తో బాధపడి, 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ రోజు ప్రతి బడిలో జెండా ఎగురుతుంది. దేశభక్తి గురించి మన పిల్లలకు ఆ రోజు మిగతావారికంటే ఒక మోతాదు ఎక్కువే ఉపదేశాలందుతాయి. వచ్చే పంద్రాగస్టుకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో మన పిల్లలు చదివే బడులకు పెద్దలు ముందురోజే వెళ్లి, చాక్లెట్లు పంచే ముందు రెండు నిమిషాలు ఇవ్వమని హెడ్మాస్టరు గారిని అడగండి. భారత జెర్సీ వేసుకుని 35 సార్లు మైదానంలోకి దిగిన ఒక హైదరాబాదీ ఇదే తేదీన వెళ్లిపోయాడని ఒక పిల్లవాడు మైకులో చెప్పాలి. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మ్యాచ్ పెట్టండి. బంతి దొరకని ఊరివారు మా కార్యాలయానికి రాయండి, పంపిస్తాం.